తీయలేని సైకిల్ గంట

చిరంజీవి మేనల్లుడికి,
ఆశీస్సులు.

నువ్వు పంపిన పాటలు మూడు రోజులుగా వింటున్నాను. పదకొండు పాటలు, ఒక్కో పాటకు నాలుగైదు రూపాలు. వాటిలో అసలుది ఏదని ఫోనులో అడిగితే, "ఇంకా తేల్చుకోలేదు మావయ్యా, గిటారు మూడు రకాలుగా వాయించి ఉంచాను, గొంతు ఆరుసార్లు పాడి ఉంచాను, చివర్లో చూసుకుంటాను" అన్నావు. రెండేళ్లయినా ఆ చివర రాలేదు. ఫోనులో చెబితే సరే సరే అని మరిచిపోతావు కనుక ఉత్తరం రాస్తున్నాను.

నీ బాణీలు బాగున్నాయి. నాలుగో పాట చరణంలో స్వరం ఒక్కసారిగా కిందికి దిగే చోట నాకు కళ్లు చెమర్చాయి. ఈ మాట ముందే చెబుతున్నాను, కింద రాసినవి చదివి నొచ్చుకోకూడదని.

అమెరికా బృందం బీచ్ బాయ్స్ చేసిన 'పెట్ సౌండ్స్' ఆల్బం నీకు ప్రాణమని నాకు తెలుసు. దాన్ని ఎన్నిసార్లు విని ఉంటావో గాని, ఎలా తయారైందన్నది పట్టించుకున్నట్టు లేదు. 1964 డిసెంబరులో విమానంలో భయంతో కుప్పకూలిన తరువాత, ఆ బృందానికి పాటలు కట్టే బ్రయన్ విల్సన్ ఊరూరా కచేరీలకు తిరగడం మానేశాడు. 1966 జనవరిలో తక్కినవాళ్లు జపాన్‌లో కచేరీలు చేస్తుంటే, అతను లాస్ ఏంజెలెస్‌లో ఉండిపోయి, ఆ ఊరి పేరుమోసిన స్టూడియో వాద్యకారులను కూర్చోబెట్టుకుని పని సాగించాడు. అప్పటికి అతని వయసు 23, నీకంటే చిన్నవాడు. కుడి చెవి దాదాపు వినపడదు.

ఎక్కువ పాటల పని వెస్టర్న్ రికార్డర్స్‌లో జరిగింది. గది పెద్దదేమీ కాదు. డ్రమ్స్, బేస్ గిటార్లు, అకార్డియన్, వేణువులు, కొమ్ము వాద్యాలు, వాయులీనాలు, ఏ పాటకు ఏవి కావాలో అవన్నీ ఒకేసారి మోగాలి. టేపు మీద ఉన్నవి నాలుగు ట్రాకులు, అంటే శబ్దాన్ని విడివిడిగా పట్టే నాలుగు వరుసలు. వాద్యాలన్నీ కుదిరాక వాటిని రెండో టేపు మీద ఒకే ఒక్క ట్రాకులోకి కుదించేవారు. మిగిలిన ట్రాకులు గొంతులకు. అలా కుదించిన తరువాత బేస్ కొంచెం పెంచుదామన్నా, ఆర్గన్ తగ్గిద్దామన్నా కుదరదు, ఆ పని మళ్లీ మొదటినుంచి చేస్తే తప్ప. అంటే ఏ వాద్యం ఎంత వినిపించాలన్నది ఆ రోజే, ఆ గదిలోనే తేలిపోవాలి.

'యూ స్టిల్ బిలీవ్ ఇన్ మీ' పాటలో సైకిల్ గంట, సైకిల్ హారన్ వినిపిస్తాయి గుర్తుందా? ఆ పాట మొదటి పేరు 'ఇన్ మై చైల్డ్‌హుడ్'. బాల్యం మీద పాట కనుక సైకిల్ గంట పెట్టాడు. తరువాత సాహిత్యం పూర్తిగా మారి, తప్పులు చేసే ప్రియుడిని ఇంకా నమ్ముతున్న అమ్మాయి గురించిన పాట అయింది. గంట మాత్రం వాద్యాలతో పాటు టేపులో కలిసిపోయింది, తీయడానికి వీలులేదు. ఉంచేశాడు. ఇప్పుడు ఆ గంట లేకుండా ఆ పాటను ఊహించుకోగలవా? ఆ ప్రేమలో ఇంకా ఎక్కడో పసితనం ఉందని చెప్పేది ఆ గంటే.

నువ్వైతే దాన్ని తీసేసేవాడివి. నీ కంప్యూటర్ తీయనిస్తుంది కనుక.

నేను మద్రాసులో రికార్డిస్టు దగ్గర సహాయకుడిగా చేరిన రోజుల్లో పాట మొత్తం ఒకే విడతలో పట్టేవాళ్లం. పాడేవాళ్లు, వాయించేవాళ్లు అందరూ ఒకేసారి. ఎవరు తడబడినా మళ్లీ పల్లవి నుంచి. ఒక పాటలో రెండో చరణం ముందు కుర్చీ కిర్రుమంది. ఆ మైకు పక్క కుర్చీ చూసుకోవలసింది నేనే. ఆ టేకులో గాయని పాడినట్టు మళ్లీ పాడటం జరగదని మా గురువుగారు దాన్నే ఖాయం చేశారు. నాకు వారం రోజులు నిద్ర పట్టలేదు. నలభై ఏళ్లుగా ఆ పాట రేడియోలో వింటున్నాను, ఆ చప్పుడు గురించి ఒక్కరూ నన్ను అడగలేదు.

కనుక నీకు నేను చెప్పే మొదటి పని ఇది. రోజుకు ఒక పాట పట్టుకో. గిటారు మూడు రకాల్లో ఒకటి ఉంచు, రెండు చెరిపేసెయ్. దాచిపెట్టడం కాదు, చెరిపెయ్యి. వాద్యాలన్నిటినీ కలిపి ఒకే ట్రాకుగా చేసి, ఒకే స్పీకరులో, మోనోలో విను. బ్రయన్ ఆ ఆల్బంను మోనోలోనే చేశాడు. ఒక చెవే వినిపించడం ఒక కారణం, కారు రేడియోలోనూ ఇంట్లోనూ తాను అనుకున్నట్టే వినిపించాలన్న పట్టుదల ఇంకో కారణం. స్టీరియో రూపం 1997లో గాని రాలేదు. కుడికీ ఎడమకీ సర్దేస్తే తగాదా తీరినట్టు అనిపించే వాద్యాలు, మోనోలో ఒకదాన్నొకటి తొక్కేస్తాయి. ఏది అక్కర్లేనిదో అక్కడ తెలుస్తుంది.

రెండోది, మనుషులను పిలువు. పదకొండు పాటల్లోనూ వాయించింది నువ్వే, పాడింది నువ్వే, రాసింది నువ్వే. బ్రయన్ బుర్రలో సంగీతమంతా ఉన్నా, సాహిత్యానికి టోనీ ఆషర్ అనే ప్రకటనల రచయితను వెతుక్కున్నాడు. 'గాడ్ ఓన్లీ నోస్' మధ్య భాగం కుదరక అవస్థ పడుతుంటే, తుంపులు తుంపులుగా వాయిద్దామని వాద్యకారుల్లో ఒకరు అన్నారు. ఆ సలహాతో పాట దారిలో పడింది. ఇరవై టేకుల దాకా పట్టిందట. ఇక పాడటానికి వచ్చేసరికి, తానే పాడదామనుకున్న పాటను తమ్ముడు కార్ల్‌కు ఇచ్చాడు. కార్ల్‌కు అప్పుడు 19 ఏళ్లు. నీ నాలుగో పాటను నీ చెల్లెలి చేత పాడించు. ఆ దిగే స్వరం నీ గొంతులో బాగుంది, దాని గొంతులో ఇంకా బాగుంటుంది.

ఇదంతా చదివి, పాత రోజుల్లో సౌకర్యాలు లేక అలా చేశారు, ఉంటే అతనూ నాలాగే చేసేవాడు అంటావు. నిజమే, చేశాడు కూడా. 'పెట్ సౌండ్స్' తరువాత 'గుడ్ వైబ్రేషన్స్' పాటను ముక్కలు ముక్కలుగా, నాలుగు స్టూడియోల్లో, నెలల తరబడి పట్టి, అతికించి విడుదల చేశాడు. అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది. అదే పద్ధతిలో 'స్మైల్' అనే ఆల్బం మొత్తం చేయబోయాడు. ఒక్కో ముక్క అద్భుతం. ఏ ముక్క ఏ పాటలో, ఏ వరుసలో అన్నది తేలలేదు. లక్షల కొద్దీ రికార్డు అట్టలు అచ్చయి కూర్చున్నాయి, 1967 మే నెలలో ఆల్బం ఆగిపోయింది. కారణం అదొక్కటే అనను. మత్తుమందులు, మనోవ్యాధి, రికార్డు కంపెనీతో వ్యాజ్యం, బృందంలో అనుమానాలు, అన్నీ ఉన్నాయి. కానీ తెరిచి ఉంచిన తలుపులు అన్ని ఉంటే ఆరోగ్యంగా ఉన్నవాడికైనా ఊపిరాడదు. ఆ 'స్మైల్'ను అతను పూర్తి రూపంలో జనానికి వినిపించింది 2004లో. ముప్పై ఏడేళ్లు! నీ రెండేళ్లు చూసి నాకు భయం వేసింది అందుకే.

ఇక నువ్వు తేల్చుకోలేకపోవడానికి అసలు కారణం నాకు తెలుసు. విడుదల చేశాక ఎవరూ వినకపోతే? 'పెట్ సౌండ్స్' 1966 మే 16న వచ్చింది. అమెరికాలో పదో స్థానం దాటలేదు. వాళ్ల అంతకుముందు విజయాలతో పోలిస్తే అది నిరాశే. సముద్రం, అలలు, కార్ల పాటల కోసం వచ్చినవాళ్లకు ఈ దిగులు అర్థం కాలేదు. రెండు నెలలు తిరక్కుండానే కంపెనీ పాత హిట్ల సంకలనం ఒకటి బజారులోకి తెచ్చింది. అది ఇట్టే అమ్ముడుపోయింది. ఎన్నో రాత్రులు కూర్చుని చేసిన పని పక్కన పాత పాటల మూట పెట్టి అమ్మితే ఆ పిల్లవాడికి ఎలా ఉండి ఉంటుందో ఆలోచిస్తే ఈనాటికీ నాకు కోపం వస్తుంది.

అదే మే నెలలో బృందంలోని బ్రూస్ జాన్‌స్టన్ ఆ రికార్డు పట్టుకుని లండన్ వెళ్లాడు. హోటల్ గదిలో బీటిల్స్ బృందపు లెనన్, మెకార్ట్‌నీ కూర్చుని విన్నారు. ఇంగ్లండ్‌లో ఆల్బం రెండో స్థానానికి వెళ్లి, నెలల తరబడి పట్టికలో నిలిచింది. ఇది లేకపోతే తమ 'సార్జెంట్ పెప్పర్' ఆల్బం వచ్చేది కాదని బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ తరువాత చెప్పారు. అమెరికాలో దానికి అమ్మకాలను బట్టి ఇచ్చే గోల్డ్ గుర్తింపు మాత్రం 2000లో వచ్చింది. నీ పాటలు కూడా ముందు ఎవరి గదిలోనో, ఎవరో ఇద్దరు వింటారు. ఆ ఇద్దరి గురించి ఆలోచించు, పట్టికల గురించి కాదు.

నిరుడు జూన్‌లోనో, అంతకుముందో అని తారీఖులు కలిపేసే వయసు నాది, కానీ ఒకటి సరిగ్గా గుర్తుంది. 2025 జూన్‌లో బ్రయన్ పోయాడన్న వార్త చదివిన రాత్రి నువ్వు ఫోను చేసి, 'కరోలైన్, నో' చివర రైలు చప్పుడుతో పాటు కుక్కలు మొరిగే చోటు వినిపించావు. అవి అతని సొంత కుక్కలని నీకు అప్పుడు నేనే చెప్పాను. నువ్వు చాలాసేపు మాట్లాడలేదు.

వచ్చే ఆదివారానికి నాలుగో పాట ఒక్కటి పంపు. ఒకే రూపం, మోనోలో, చెల్లి గొంతుతో. అందులో మీ వీధి కుక్క మొరిగినా, అమ్మ కుక్కర్ కూత వినిపించినా పరవాలేదు. రెండో రూపం కూడా పంపావంటే వినను.

అమ్మకు నా ఆశీస్సులు చెప్పు.

ప్రేమతో,
మావయ్య