మొదటి ఆల్బమ్ ఒప్పందం: పాట వేరు, రికార్డింగ్ వేరు

ప్రశ్న: మాది విశాఖపట్నం. నాలుగేళ్లుగా సొంతంగా పాటలు రాసి, బాణీ కట్టి, గిటార్‌తో పాడి ఆన్‌లైన్‌లో పెడుతున్నాను. ఇప్పుడు ముంబైలోని ఒక పెద్ద మ్యూజిక్ లేబుల్ పది పాటల రాక్ ఆల్బమ్ చేద్దామంటోంది. అడ్వాన్స్ పది లక్షలు. కానీ అగ్రిమెంట్‌లో పాటల మీద సర్వహక్కులూ ప్రపంచమంతటా శాశ్వతంగా కంపెనీవేనని ఉంది. వాళ్లు కోరితే తర్వాతి రెండు ఆల్బమ్‌లూ వాళ్లకే చెయ్యాలట. నేను ఇదివరకే విడుదల చేసిన రెండు పాటలూ ఇచ్చెయ్యమంటున్నారు. వారంలో సంతకం కావాలంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. చెయ్యమంటారా?
– ఓ పాఠకుడు

జవాబు: ఇప్పుడున్న రూపంలో సంతకం చెయ్యకండి. అలాగని అవకాశం వదులుకోమనడం లేదు. వాళ్లు పంపింది డ్రాఫ్టే కాబట్టి మార్పులు అడగడం మీ హక్కు, అడిగినంత మాత్రాన ఎవరూ ఏమీ అనుకోరు.

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఒక పాటలో సాహిత్యం, బాణీ, రికార్డింగ్ మూడూ వేర్వేరు ఆస్తులు. మొదటి రెండూ మీవి. రికార్డింగ్ మాత్రం దాన్ని పూనుకుని, బాధ్యత తీసుకుని చేయించిన నిర్మాతది. కొత్త ఆల్బమ్‌కు ఖర్చు పెట్టేది లేబుల్ కనుక ఆ రికార్డింగ్‌లు వాళ్లు అడగడం న్యాయమే. సాహిత్యం, బాణీ కూడా శాశ్వతంగా రాసిమ్మనడం దగ్గరే మీరు గట్టిగా నిలబడాలి. అమెరికాలో టేలర్ స్విఫ్ట్ పాత రికార్డింగ్‌లు 2019లో వేరేవాళ్ల చేతికి వెళ్లాయి. అయినా 2021 నుంచి ఆమె ఆ పాటల్నే మళ్లీ పాడి విడుదల చేయగలిగింది. పాటల రచన మీద హక్కు ఆమె దగ్గరే ఉండటం అందుకు పెద్ద ఆధారం. మీ అగ్రిమెంట్‌లో మళ్లీ రికార్డు చేయకూడదన్న షరతు ఉందేమో చూసి, దానికీ ఒక గడువు పెట్టించండి.

2012 సవరణ మీలాంటి వాళ్లకు పెద్ద అండ. హక్కులు రాసిచ్చినా సరే, రచయితగా, స్వరకర్తగా రాయల్టీలో లేబుల్‌తో సమాన వాటా పొందే హక్కును మీరు వదులుకోలేరు. 18వ సెక్షన్ ప్రకారం వదులుకున్నట్టు రాసినా ఆ షరతు చెల్లదు. ఈ వాటా వసూలయ్యే ప్రధాన దారి, రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సొసైటీ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం. సంతకానికి ముందే చేరండి. సభ్యులు సొసైటీకి అప్పగించిన హక్కులకు విరుద్ధంగా తర్వాత ఇంకెవరికైనా రాసిస్తే అది చెల్లదని 19వ సెక్షన్ చెబుతోంది.

ఇక అడ్వాన్స్ సంగతి. అది సాధారణంగా మీ రాయల్టీలోంచే తిరిగి కోసుకునే డబ్బు. ఉదాహరణకు అడ్వాన్స్ పది లక్షలు, రికార్డింగ్, వీడియోల ఖర్చు 15 లక్షలు, మీ రాయల్టీ 15 శాతం అనుకుందాం. మొత్తం 25 లక్షలూ మీ వాటాలోంచే తీరాలంటే లేబుల్‌కు దాదాపు కోటీ 67 లక్షల ఆదాయం రావాలి. అప్పటిదాకా రాయల్టీగా మీ చేతికి రూపాయి కూడా రాదు. మొదటి ఆల్బమ్ బాకీని రెండో ఆల్బమ్‌లో కోసుకుంటామనే షరతు ఉంటే కొట్టేయించండి. వీడియో ఖర్చులో సగమే మీ లెక్కలో వేయమనండి. రచయితగా వచ్చే వాటా జోలికి రాకూడదని విడిగా రాయించండి.

నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది ఇంకొకటి. ఆల్బమ్ రికార్డు చేసి విడుదల చేయకపోతే? రాసిచ్చిన హక్కును ఏడాదిలో వాడకపోతే అది తిరిగొస్తుందని 19వ సెక్షన్‌లో ఉంది. అయితే అగ్రిమెంట్‌లో వేరుగా రాసుకుంటే ఆ రక్షణ పోతుంది. చాలా అగ్రిమెంట్లలో ‘సెక్షన్ 19(4) వర్తించదు’ అని ఒక చిన్న వాక్యం పెడుతుంటారు. అది మీ దాంట్లో ఉందేమో వెతకండి. మాస్టర్ (తుది రికార్డింగ్) లేబుల్‌కు అందిన పన్నెండు నెలల్లో విడుదల చేయాలి, లేకుంటే పాటల హక్కులు మీకు తిరిగిరావాలి అని రాయించండి. కోర్టుకెళ్లి చూసుకుందాంలే అనుకోకండి. షరతులు మరీ కఠినమని ఒప్పందం రద్దు చేయమన్నా, రాసిచ్చిన అయిదేళ్లలోపు ఆ ఉత్తర్వు ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు.

తర్వాతి రెండు ఆల్బమ్‌ల మాటకొస్తే, ఒప్పందం నడుస్తున్నంతకాలం వేరే చోట చేయకూడదనే షరతు సాధారణంగా చెల్లుతుంది. ముగిశాక కూడా కట్టిపడేస్తే కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ అడ్డొస్తుంది. క్రికెటర్ జహీర్ ఖాన్ కేసులో 2006లో సుప్రీంకోర్టు తీర్పు ఇలాంటి షరతు మీదే. రెండో ఆల్బమ్ కావాలో వద్దో మొదటిది విడుదలైన ఆరు నెలల్లో లేబుల్ తేల్చాలని అడగండి.

పాత రెండు పాటలు మీ డబ్బుతో రికార్డు చేసుకున్నవైతే వాటి నిర్మాత మీరే. అమ్మేయకండి, మూడేళ్లకో అయిదేళ్లకో లైసెన్స్ ఇవ్వండి. వాటిని ఆన్‌లైన్‌లో పెట్టిన డిస్ట్రిబ్యూటర్‌తో ఒప్పందం ఇంకా నడుస్తుంటే ముందు దాని గడువు చూసుకోండి. ఏ బాణీలోనైనా స్నేహితుల చెయ్యి ఉంటే ఎవరి వాటా ఎంతో ఇప్పుడే కాగితం మీద పెట్టి సంతకాలు తీసుకోండి.

వారం గడువు చట్టం పెట్టింది కాదు. మరో మూడు వారాలు కావాలని ఈమెయిల్‌లో అడగండి. ఈలోగా డ్రాఫ్ట్, డిస్ట్రిబ్యూటర్ ఒప్పందం, స్టూడియో బిల్లులు పట్టుకుని కాపీరైట్ కేసులు చూసే లాయర్‌ను కలవండి. లేబుల్ సూచించిన లాయర్ కాకుండా, మీరు ఫీజు ఇచ్చి పెట్టుకున్న లాయరై ఉండాలి.