పుణె సంగతి తర్వాత, ముందు అన్న దగ్గరికి పో

పరకాల దగ్గర పల్లెలో పుట్టి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ మేనేజర్‌గా పనిచేస్తున్న ఒక తమ్ముడు రాశాడు. వయసు 39. పుణెలో డైరెక్టర్ పోస్టు ఇస్తామంటున్నారట. బీపీకి గోళీలు మింగుతున్నాడు, ఏడో తరగతి చదివే కొడుకు దగ్గరికి రావట్లేదు, భార్యేమో 'నీ ఇష్టం' అని ఊరుకుంటోంది. 'ఇంత సంపాదించి ఏం సాధించినట్టు? పుణె పోవాలా, వద్దా?' అని అడుగుతున్నాడు.

తమ్ముడూ, పోతే పో, లేకుంటే మానుకో. డాక్టర్ చెప్పిన గోళీలు వేళకు వేసుకో, రాత్రి ఆ ల్యాప్‌టాప్ మూసి కొడుకుతో కలిసి అన్నం తిను. వీటికి నా సలహా అక్కర్లేదు, నీకూ తెలుసు.

మూడు పేజీల ఉత్తరంలో మీ అన్న గురించి రాసింది నాలుగు లైన్లే. బాపు ఇద్దర్నీ చదివించలేక అన్నను ఇంటర్‌తో మాన్పించాడు, నీ ఇంజనీరింగ్ ఫీజుకు ఎకరం అమ్మాడు. బాపు పోయాక అమ్మ అన్న దగ్గరే ఉంటోంది. నువ్వు నెలకు పదివేలు పంపుతున్నావు, 'అయినా అన్న ముఖం చాటేస్తున్నాడు' అని రాశావు. ఎందుకో కూడా నువ్వే రాసి, అదేదో చిన్న విషయమన్నట్టు దాటేశావు. పోయిన దసరా నాడు జమ్మి పెట్టి కాళ్లు మొక్కి, అలయ్ బలయ్ తీసుకుని, చుట్టాలందరి ముందు 'ఈ పత్తి ఎందుకన్నా, వదిలెయ్, ఏడాదికి నీకొచ్చేదంతా నేనే ఇస్తా' అన్నావు చూడు, ఆ మాట దగ్గర నాకైతే కోపమొచ్చింది.

అన్నకు ఏడాదికి ఎంతొస్తుందో నీకు లెక్క తెలుసు, ఎట్లా వస్తుందో తెలుసా? 2025-26 సీజన్‌కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అది కాగితం మీద. తేమ 8 శాతం దాటితే ధర కోస్తారు, 12 దాటితే మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ కొననే కొనదు, ఏరే టైముకు వాన పడిందంటే ఇంట్లో, వాకిట్లో ఆరబోసుకుని కూర్చోవాలి, లేదంటే వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తీసుకుపోయి వ్యాపారి చెప్పిన రేటుకు ఇచ్చి రావాలి. ఇదంతా చేస్తూనే మీ అమ్మను చూసుకుంటున్న మనిషికి నువ్వు జీతం ఇస్తానన్నావు, అదీ పదిమందిలో.

నీ చదువు ఖరీదంటే నీ బీపీ, నీ నిద్ర మాత్రమే లెక్కేసుకున్నావు, అందులో పెద్ద వాటా కట్టింది మీ అన్న. అది డబ్బుతో తీరే బాకీ అని నేననుకోను. తీర్చమని ఆయనా అడగలేదు కదా, ఇంకా ఆ పదివేల లెక్క ఎందుకు రాసుకుంటున్నావు? ఇకనుంచి ఆ డబ్బు అమ్మ ఖాతాలో వెయ్, పంపానని అన్నకు చెప్పకు. నీ కొడుకు సంగతి కూడా ఇక్కడే ఉంది, పెదనాన్న గురించి నువ్వు ఎట్లా మాట్లాడతావో వాడు వింటూనే ఉంటాడు.

మళ్లీ దసరా వచ్చేదాకా ఆగకు. ఈ శనివారమే కొడుకును తీసుకుని ఉప్పల్‌లో బస్సెక్కి హనుమకొండలో దిగు, అక్కణ్నుంచి పరకాల బస్సు. కారు వద్దు, కవరులో డబ్బులు అసలే వద్దు. 'అన్నా, ఆ రోజు తప్పుగా మాట్లాడిన' అని వదిన ముందు, అమ్మ ముందు చెప్పు, అందరి ముందు నువ్వన్న మాట కాబట్టి చాటుగా వెనక్కి తీసుకుంటే కుదరదు. ఆయన వెంటనే పలకకపోవచ్చు, తిట్టవచ్చు కూడా. తిడితే పడు, తమ్ముడివి కదా. రాత్రి అక్కడే పడుకో, తెల్లారి చేను కాడికి పో, సలహాలు ఇవ్వకు.

పుణె గురించి ఆ తర్వాత రాయి, అప్పుడు మాట్లాడదాం. నీ హెచ్ఆర్ వాళ్లు అంతవరకూ ఆగేది లేదంటే వేరే వాళ్లకు ఇచ్చుకోమను.