అమ్మమ్మ ప్లేయర్‌లో పెళ్లి వీడియో

ప్రశ్న: మా చెల్లి పెళ్లి వీడియో మూడు గంటలు, 11 జీబీ ఎంపీ4 ఫైలు. అమ్మమ్మ దగ్గర పాత డీవీడీ ప్లేయరే ఉంది. డిస్కులో పట్టేలా కుదించి కాపీ చేసిస్తే 'డిస్క్ ఎర్రర్' అంటోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: సైజు తగ్గించారు, బాగానే ఉందమ్మా. కానీ మీ అమ్మమ్మగారి ప్లేయరుకు ఎంపీ4 అర్థం కాదు. దానికి తెలిసింది డీవీడీల వీడియో ఫార్మాట్ ఎంపెగ్-2, అదీ మన టీవీల పాల్ (PAL) పద్ధతిలో 720×576 పిక్సెళ్ల కొలతలో. డీవీడీ ఆథరింగ్ సాఫ్ట్‌వేర్‌తో, అంటే వీడియోను ప్లేయరు చదివే డీవీడీగా తయారుచేసే ప్రోగ్రాంతో మార్చండి. డిస్కు తెరిస్తే 'వీడియో_టీఎస్' ఫోల్డరు కనిపించాలి.

డిస్కు మీద 4.7 జీబీ అని ఉన్నా కంప్యూటరు 4.38 అనే చూపిస్తుంది, కంగారుపడకండి. మూడు గంటలూ ఒకే డిస్కులో కూరితే వీడియోకు సెకనుకు 3.2 మెగాబిట్ల డేటాయే దక్కుతుంది. అప్పుడు తలంబ్రాల దగ్గర చూడాలి! గింజలు గాల్లో ఉన్నంతసేపూ తెరంతా గళ్లు గళ్లు. మా అన్నయ్య పెళ్లికి నేనీ పిసినారితనమే చేశాను, వదిన ఇప్పటికీ దెప్పుతుంది.

రెండు డిస్కులు చేయండి. గౌరీపూజ నుంచి జీలకర్ర బెల్లం దాకా ఒకటి, మాంగల్యధారణ నుంచి అప్పగింతల దాకా ఇంకొకటి. అప్పుడు సెకనుకు 6 మెగాబిట్లు పెట్టుకోవచ్చు. 4ఎక్స్ వేగంతో నిదానంగా రైట్ చేసి, చివర్లో ఫైనలైజ్ చేయండి, అంటే వేరే ప్లేయర్లు చదవగలిగేలా డిస్కును ముగించండి.