గుర్రాల కన్నా ముందు గేదెల దగ్గర నేర్చుకో

చెల్లెమ్మా, ఇంటర్ బైపీసీ అయ్యింది, గుర్రాల దగ్గర పని నేర్చుకోవాలి, రాజాంలో ఎవరూ దొరకడం లేదని రాశావు. టెన్షన్ పడకు. మనవైపు గుర్రాలు తక్కువ, ఆవులూ గేదెలతో మొదలుపెట్టు.

పశువుల ఆసుపత్రి డాక్టరు గారిని పొద్దున్నే కలిసి, గాలికుంటు (పశువుల నోట్లో, గిట్టల దగ్గర పుండ్లు పడే జబ్బు) టీకాల రోజుల్లో సాయానికి వస్తానని చెప్పు. ఆ టీకాలు ఆర్నెల్లకోసారి వేస్తారు. పశువును పట్టుకోవడానికి, చెవిపోగు నంబరు రాసుకోవడానికి మనుషులు కావాలి. నేనూ అలాగే నేర్చుకున్నాను. తాడు ఎక్కడ పట్టాలో, కొమ్ము ఎటు విసురుతుందో చేతికే తెలిసిపోతుంది. గరివిడి పశువైద్య కళాశాలలో కూడా అడిగి చూడు.

గుర్రం దొరికితే వెనకనుంచి వెళ్లకు. పలకరిస్తూ ఎడమ భుజం వైపు నుంచి వెళ్లు. ఈనిన పశువు మాయను (దూడ తర్వాత పడే పొరను) మాత్రం ఒట్టి చేతులతో ముట్టుకోకు తల్లీ, బ్రూసెల్లా అనే పశువుల జబ్బు క్రిమి దాని నుంచి మనుషులకూ అంటుకుంటుంది.