యు0131 కోడ్ వస్తే స్టీరింగ్ కాలమ్ మార్చాల్సిందేనా?

అన్నా, తొందరపడి కాలమ్‌కు (స్టీరింగ్ చక్రం కింద మోటార్‌తో ఉండే భాగం) అడ్వాన్స్ ఇవ్వకండి. మీరు రాసినట్టే స్టీరింగ్ లైట్ వెలగడం, స్కానర్‌లో యు0131 (U0131) కనిపించడం, గ్యారేజీలో "కాలమ్ మొత్తం పోయింది" అనడం, అన్నీ నాకూ అయ్యాయి.

అప్పట్లో నా ఉద్యోగం మిర్యాలగూడలో. కారు రైస్ మిల్లు పక్కన రేకుల షెడ్డులో పెట్టేవాణ్ణి. నల్లగొండ రోడ్డు మీద బాగానే పోయేది. ఆగిన చోట స్టీరింగ్ తిప్పితే మాత్రం లైట్ వెలిగి, ఒక్కసారిగా బిగుసుకుపోయేది.

ఈ కోడ్ అర్థం ఒకటే: స్టీరింగ్ మాడ్యూల్ (స్టీరింగ్ మోటార్‌ను నడిపే చిన్న కంప్యూటర్) పలకడం లేదని మిగతా మాడ్యూళ్లు చెబుతున్నాయి. ఫోన్ ఎత్తనంత మాత్రాన మనిషి పోయినట్టు కాదు కదా, ఛార్జింగ్ అయిపోయి ఉండొచ్చు. అందుకే ముందు కరెంటు చూడాలి. ఇంజిన్ ఆపి కాసేపయ్యాక బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, స్టార్ట్ చేశాక సుమారు 14 ఉండాలి. బ్యాటరీ బాగా డౌన్ అయినా ఈ కోడ్ పడుతుంది. అలాంటప్పుడు బ్యాటరీ సరిచేసి కోడ్ చెరిపేస్తే మళ్లీ రాదు.

నాకు బ్యాటరీ, ఫ్యూజు రెండూ బాగానే ఉన్నాయి. మాడ్యూల్‌కు కరెంటు వచ్చే కప్లర్ (వైర్ల ప్లగ్) దగ్గర మీటర్ పెడితే నిక్కచ్చిగా 12 వోల్టులు. ఇక మాడ్యూలే పోయిందనుకున్నా. బస్టాండ్ దగ్గర ఒక ముసలి కార్ ఎలక్ట్రీషియన్ మీటర్ పక్కన పెట్టి, అదే కప్లర్‌కు పాత హెడ్‌లైట్ బల్బు తగిలించాడు. అది మిణుకుమిణుకుమంది! ఎర్త్ వైరును ఎలుకలు కొరికి నాలుగైదు పోగులే మిగిలాయి. మీటర్‌కు ఆ పోగులు చాలు, స్టీరింగ్ మోటార్‌కు చాలవు. నిలబెట్టి తిప్పితే అది పదుల ఆంపియర్లు లాగుతుంది. అంత లోడ్ పడగానే వోల్టేజీ పడిపోయి మాడ్యూల్ ఆగిపోయేది. కొత్త ఎర్త్ వైరు వేసి ఆరు వందలు తీసుకున్నాడు. బడ్జెట్ వేసుకున్న యాభై వేలు మిగిలాయి.

పవర్, ఎర్త్ బాగుంటేనే క్యాన్ వైర్ల (మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్లు) జోలికి పోవాలి. బ్యాటరీ టెర్మినల్ తీసి, స్కానర్ పెట్టే సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే చాలా కార్లలో 60 ఓములు వస్తుంది. 120 వస్తే ఎక్కడో లైను తెగింది, సున్నాకు దగ్గరైతే రెండు వైర్లు కలిశాయి. కొన్ని మోడళ్లలో సాకెట్‌కు, ఆ వైర్లకు మధ్యలో గేట్‌వే అనే ఇంకో మాడ్యూల్ ఉంటుంది, వాటికి ఈ లెక్క పనికిరాదు. పసుపు రంగు కప్లర్లను మాత్రం ముట్టకండి, అవి ఎయిర్‌బ్యాగ్‌వి.

ఈలోపు కారు తీయాల్సి వస్తే స్టీరింగ్ తిరుగుతుంది, బరువుగా. హైదరాబాద్ హైవే ఎక్కకపోవడమే మేలు.

స్కానర్‌లో ఈ ఒక్క కోడే ఉందా, ఏబీఎస్, మీటర్ బోర్డువి కూడా ఉన్నాయా? ఒక్కటే అయితే నేను చెప్పిన ఎర్త్, ఫ్యూజుల దగ్గరే వెతకండి. అన్నీ ఉంటే బ్యాటరీ, లేదా క్యాన్ లైను.