బొచ్చు రాలదు సరే, దువ్వేది ఎవరు?

ప్రశ్న: మాకు పదేళ్ల పాప ఉంది. చాలాకాలంగా కుక్క కావాలని అడుగుతోంది. తనకు చిన్నప్పటి నుంచి అలర్జీ ఉంది, అప్పుడప్పుడు ఆయాసం కూడా వస్తుంది. ఆ కారణం చెప్పి ఇన్నాళ్లూ దాటవేస్తూ వచ్చాను. ఇప్పుడు మావారు ఒక రెస్క్యూ సంస్థలో నాలుగేళ్ల పోర్చుగీస్ వాటర్ డాగ్‌ను చూసి వచ్చారు. దాని బొచ్చు రాలదు కాబట్టి అలర్జీ సమస్యే ఉండదని, ఒబామా కుటుంబం కూడా అందుకే ఆ జాతిని పెంచుకుందని అంటున్నారు. మొదట పెంచినవారు దాన్ని పట్టలేక తిరిగి ఇచ్చేశారట. ఆయన పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి చీకటి పడ్డాక వస్తారు. నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను. వద్దంటే ఇంట్లో అందరి సంతోషానికీ నేనే అడ్డుపడుతున్నట్టు మాట్లాడుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో "ఆ కారణం చెప్పి దాటవేస్తూ వచ్చాను" అన్న మాట దగ్గర నేను ఆగాను. అలర్జీ నిజమే. అయితే దాని వెనుక మీరు ఇంతవరకు పైకి చెప్పని కారణం మరొకటి ఉన్నట్టుంది. కుక్క వస్తే పగలంతా దాని బాధ్యత మీ మీదే పడుతుందని మీకు ముందే తెలుసు. బొచ్చు రాలని జాతి దొరికిందని మీవారు అనగానే చెప్పుకోవడానికి మీ దగ్గరున్న ఒక్క కారణమూ పోయినట్టయింది, అసలు కారణం నోటి దాకా రాలేదు. అందుకే మీ మౌనం ఆయనకు మొండితనంలా కనిపిస్తోంది. ఈ రెండు కారణాలను విడదీసి చూస్తేనే చిక్కు విడుతుంది.

ముందు అలర్జీ సంగతి. 2009 ఏప్రిల్‌లో సెనేటర్ ఎడ్వర్డ్ కెనడీ బహుమతిగా ఇచ్చిన 'బో' అనే పోర్చుగీస్ వాటర్ డాగ్ వైట్‌హౌస్‌కు వచ్చిన మాట, ఆ ఇంటి పెద్దమ్మాయికి అలర్జీ ఉన్నందునే ఆ జాతిని ఎంచుకున్న మాట నిజమే. కానీ అలర్జీ తెప్పించేది వెంట్రుక కాదు. కుక్క లాలాజలంలో, చర్మం నుంచి రాలే పొట్టులో, మూత్రంలో ఉండే ప్రొటీన్లు. బొచ్చు రాలినా రాలకపోయినా ప్రతి కుక్కకూ చర్మం ఉంటుంది, నాలుక ఉంటుంది. 2011లో అమెరికాలో కొందరు పరిశోధకులు కుక్కలున్న ఇళ్ల నేల మీది దుమ్మును పరీక్షించి చూసినప్పుడు, అలర్జీ రానివ్వవని పేరున్న జాతుల ఇళ్లకూ మిగతా ఇళ్లకూ ఈ ప్రొటీన్ల విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఒకే జాతిలో ఒక కుక్క పడి మరొకటి పడకపోవడమూ ఉంటుంది. కనుక ఈ జాతి మీ పాపకు పడుతుందా అని అడగడం కంటే ఈ కుక్క పడుతుందా అని అడగాలి. దానికి జవాబు అలర్జీ వైద్యుడి దగ్గర మొదలవుతుంది. పరీక్షలో ఏ ప్రొటీన్‌కు స్పందన ఉందో విడిగా చూడమనండి. వాటిలో క్యాన్ ఎఫ్ 5 అనే ప్రొటీన్ మగ కుక్కల్లోనే తయారవుతుంది. కొందరికి అది ఒక్కటే పడదు, అలాంటివారు ఆడ కుక్కతో ఇబ్బంది లేకుండా ఉండగలిగే అవకాశం ఉంది. ఆయాసం ఉంది కాబట్టి వైద్యుడు వద్దంటే అక్కడితో ఈ చర్చ ముగిసినట్టే, ఆ మాట మీద మీరిద్దరూ బేరాలకు దిగకూడదు.

వైద్యుడు సరేనంటే, ఇక ఆ కుక్క ఎలాంటిదో చూద్దాం. పోర్చుగల్ తీరంలో జాలర్ల పడవల మీద పనిచేయడానికి పెంచిన జాతి ఇది. చేపలను వల వైపు తోలడం, నీళ్లలో పడిపోయిన సరంజామాను ఈదుకుంటూ వెళ్లి తేవడం, ఒక పడవ నుంచి మరో పడవకు కబురు చేరవేయడం దాని పని. ఈదడానికి వీలుగా కాలివేళ్ల మధ్య పొర ఉంటుంది. అలాంటి ప్రాణిని రోజంతా గదిలో ఉంచి, సాయంత్రం వీధి చివరి దాకా తిప్పి తెస్తే దానికి ఏమూలకూ చాలదు. ఒంటికి పరుగు, బుర్రకు పని రెండూ దొరక్కపోతే తన పని తానే వెతుక్కుంటుంది. నోటికి అందినదల్లా పట్టుకొస్తుంది, బల్ల మీది వస్తువులు దించుతుంది, మీరు ఫోన్లో మాట్లాడుతుంటే మోచేతిని ముట్టెతో పొడుస్తుంది. మొదటివారు పట్టలేకపోయామన్నది ఇదేనేమో, లేక కరవడం వంటి మరింత తీవ్రమైన విషయమేమో సంస్థవారిని గుచ్చి గుచ్చి అడగండి. తిండి గిన్నె దగ్గరికి ఎవరైనా వస్తే గుర్రుమంటుందా, ఒంటరిగా వదిలితే ఏం చేస్తుంది, పిల్లలున్న ఇంట్లో ఎప్పుడైనా ఉందా, కళ్ల పరీక్షలు, తుంటి పరీక్షలు చేయించారా అన్నవి రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ప్రస్తుతం దాన్ని ఎవరి ఇంట్లోనైనా ఉంచి ఉంటే వారితో మాట్లాడటం అన్నిటికంటే మేలు. కొత్త ఇంట్లో మొదటి కొద్ది రోజులు బెదురుతో అణిగిమణిగి ఉన్న కుక్క అసలు స్వభావం కొన్ని వారాలు గడిస్తే గాని బయటపడదు. అందుకే ఇప్పుడు ఉంచుకున్నవారి దగ్గర అది ఎన్ని వారాలుగా ఉందో కూడా అడగండి.

బొచ్చు గురించి మీవారు చెప్పింది సగం నిజం. అది నేల మీద పడదు, నిజమే. ఊడిన వెంట్రుక పక్క వెంట్రుకల్లోనే చిక్కుకుని ఉండిపోతుంది. చెవుల వెనుక, చంకల్లో, మెడపట్టీ కింద అది అట్టకట్టడం మొదలవుతుంది. పైపైన బ్రష్ చేస్తే చూడటానికి మెత్తగా, నురగలా కనిపిస్తుంది, వేళ్లు లోపలికి పోనిస్తే చర్మానికి అంటుకున్న గట్టి అట్ట తగులుతుంది. అప్పుడు కత్తిరించడం తప్ప దారి ఉండదు, అంతవరకు కుక్కకు నొప్పే. పాయలు పాయలుగా విడదీసి, దువ్వెన పళ్లు చర్మాన్ని తాకేలా వారంలో చాలా రోజులు దువ్వాలి. స్నానానికి ముందే చిక్కులు తీయాలి, తడిస్తే అవి మరింత బిగుస్తాయి. ఈత కొట్టాక చెవులు ఆరబెట్టాలి. నెలకో రెండు నెలలకో కత్తిరింపు చేయించాలి. చీపురు పని తగ్గి దువ్వెన పని పెరుగుతుందన్నమాట. ఈ లెక్క మీవారు వేసినట్టు లేదు.

ఇప్పుడు మీరు పైకి చెప్పని కారణానికి వస్తాను. మీరు అందరి సంతోషానికి అడ్డన్న మాట అన్యాయమైనది. ఎదురుగా కూర్చుని, గొంతు పెంచకుండా ఇలా అనండి: "పాప ఆరోగ్యం సంగతి డాక్టరు తేలుస్తారు. నా సంగతి నేను చెబుతున్నాను. ఇంట్లో ఉన్నానంటే ఖాళీగా ఉన్నానని కాదు. పగలు దాన్ని చూసుకునే పని నాకు మిగలకుండా ఏర్పాటు చెప్పగలిగితే నాకు అభ్యంతరం లేదు." మీవారిది ఆరంభశూరత్వమా, నిజమైన కోరికా అన్నది కుక్క రాకముందే తెలుసుకోవచ్చు. మూడు వారాల పాటు ఆయన తెల్లవారుజామున లేచి గంటసేపు నడిచి రావాలి, రాత్రి వచ్చాక దువ్వే వేళకు అరగంట కేటాయించాలి, పగటిపూట కుక్కను తిప్పడానికి జీతానికి మనిషిని కుదిర్చే పని కూడా ఆయనే చూడాలి. అది కుదిరితే సంతోషం. కుదరకపోతే మీరు వాదించాల్సిన అవసరం ఉండదు, ఆయనకే అర్థమవుతుంది. ఒకవేళ కుక్క మీద మీకూ మనసు పుడితే మీ వంతు పని మీరు ఇష్టంగా ఎంచుకోండి, నెత్తిన వేయించుకోకండి.

చివరిగా పాప విషయంలో ఒక జాగ్రత్త. కుక్కను ఇంటికి తెచ్చి, పడకపోతే తిరిగి పంపే ప్రయోగం మాత్రం చేయకండి. ఒకసారి తిరిగొచ్చిన కుక్క అది, దాన్ని మళ్లీ పంపడం రెండు పసి మనసులకు దెబ్బ. వైద్యుడు ఒప్పుకుంటేనే, ఆయన చెప్పిన జాగ్రత్తలతో, పాపను కొన్నిసార్లు దాని దగ్గరికే తీసుకెళ్లి ఆడుకోనివ్వండి. తుమ్ములు, ఆయాసం కొన్ని గంటల తర్వాత కూడా రావచ్చు కనుక ఆ రాత్రి నిద్ర ఎలా పట్టిందో గమనించండి. అయితే "నీకు తుమ్ములు రాకపోతేనే కుక్క వస్తుంది" అని మాత్రం అనకండి. అలా అంటే ఆ పిల్ల తుమ్ము వచ్చినా దిండులో మొహం దాచుకుంటుంది, ఊపిరి ఆడకపోయినా బాగానే ఉందంటుంది. దాన్ని తెచ్చుకోవడమా మానుకోవడమా అన్నది అమ్మానాన్నల నిర్ణయమని, ఇబ్బంది ఉంటే చెప్పినందుకు ఎవరూ కోప్పడరని, మీరిద్దరూ కలిసి కూర్చోబెట్టి ముందే చెప్పండి. ఆ మాట మీవారి నోటి నుంచి వస్తే ఇంకా మంచిది, ఎందుకంటే కుక్క కావాలని పాపతో కలిసి కలలు కంటున్నది ఆయనే.