ఎనిమిదవ హెన్రీ ఇంగ్లండులోని మఠాలను ఎందుకు రద్దు చేశాడు?

మతసంస్కరణ పేరుతో జరిగినా, ఇది ప్రధానంగా ఆస్తి, అధికారాల వ్యవహారమేనని నా అభిప్రాయం. 1534లో పోప్‌ను కాదని ఇంగ్లండు చర్చికి తానే అధిపతినని చట్టం చేయించుకున్న హెన్రీ, మరుసటి ఏడు చర్చి ఆదాయాలను లెక్క కట్టించి, 1536లో ఏటా 200 పౌండ్లలోపు రాబడి ఉన్న మఠాలను చాలావరకు మూయించాడు. 1540 నాటికి పెద్దవీ మిగల్లేదు. పైకప్పులకు వేసిన సీసాన్ని సైతం ఊడదీసి, కరిగించి దిమ్మెలుగా పోశారు. ఉత్తరాది జనం 1536లోనే తిరగబడ్డారు. వారి నాయకుడు రాబర్ట్ ఆస్క్‌ను మరుసటి ఏడు యార్క్‌లో ఉరితీశారు. యుద్ధఖర్చుల కోసం రాజు ఆ భూముల్లో అధికభాగాన్ని అమ్ముకోగా, కొన్న భూస్వాములకు కొత్త ఏర్పాటు నిలబడటమే లాభమైంది. అందుకే కేథలిక్ అయిన మేరీ రాణి 1554లో పోప్ అధికారాన్ని పునరుద్ధరించగలిగింది గాని, ఆ భూములను మాత్రం వారి చేతుల్లోంచి వెనక్కి తీసుకోలేకపోయింది.